తల్లి గుర్రం చరిత్రను చదవడం ఎలా: అర్బన్ సీ ఉదాహరణగా

మలక్‌పేట రేసుల పుస్తకంలో ప్రతి గుర్రం వివరాలతో పాటు దాని తండ్రి పేరు, ఆ పక్కనే తల్లి పేరు అచ్చు వేస్తారు. చాలామంది చూపు తండ్రి పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ పేరు ఆ పుస్తకంలోనే మరో నాలుగైదు చోట్ల కనబడుతుంది కనుక పరిచయమైనదిగా తోస్తుంది. తల్లి పేరు మాత్రం సాధారణంగా ఒక్కసారే కనబడి మరుగున పడిపోతుంది. పశువు బేరానికి వెళ్ళినప్పుడు మన రైతు మొదట అడిగే ప్రశ్న "ఎన్నో ఈత?" అన్నది. రేసు గుర్రాల విషయంలోనూ తల్లిని అదే ప్రశ్నతో మొదలుపెట్టి చదవాలి. ఎలా చదవాలో చూపడానికి అర్బన్ సీ అనే ఆడ గుర్రాన్ని తీసుకుంటున్నాను.

ముందుగా ఒక లెక్క మనసులో ఉంచుకోవాలి. థరోబ్రెడ్ అనే రేసు గుర్రాల జాతిలో కృత్రిమ గర్భధారణకు గాని, పిండాన్ని వేరే గుర్రం కడుపులో పెంచడానికి గాని అనుమతి లేదు. పేరున్న మగ గుర్రాన్ని ఒక్క సీజనులోనే వందకు పైగా ఆడ గుర్రాలతో దాటించవచ్చు. ఆడ గుర్రం మాత్రం పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లనే ఈనుతుంది. దాని జీవితకాలంలో పది పన్నెండు ఈతలు దక్కితే అదృష్టమే. అందువల్ల తండ్రిని అంచనా వేసే శాతాలతో తల్లిని కొలవకూడదు. పందెపు భాషలో ఒకే తల్లి పిల్లలనే అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్ళుగా లెక్కిస్తారు. తండ్రి ఒక్కటే అయినంత మాత్రాన ఆ మాట వాడరు. అలా వాడితే వందల సంఖ్యలో తోబుట్టువులు తేలుతారు.

మీ నోటు పుస్తకం మొదటి పేజీలో, ఆడ గుర్రం స్వయంగా పరుగెత్తిన రికార్డును క్లుప్తంగా రాసుకుంటే చాలు. అర్బన్ సీ 1989 ఫిబ్రవరి 18న అమెరికాలోని కెంటకీలో పుట్టింది. తండ్రి మిస్వాకి, తల్లి అలెగ్రెట్టా. ఫ్రాన్సులో జాన్ లెబోర్డ్ శిక్షణలో పరుగెత్తి, 1993లో పారిస్‌లో జరిగిన ప్రీ ద లార్క్ ద ట్రియోంఫ్ (క్లుప్తంగా ఆర్క్) పందేన్ని ఎరిక్ సాన్ మార్తాన్ స్వారీలో గెలిచింది. ఆ రోజు దాని మీద పందెపు ధర 37కు 1. అంటే గెలుస్తుందని నమ్మినవారు అతి తక్కువ. ఇంతకు మించి ఈ పేజీలో సమయం వెచ్చించనక్కరలేదు. గొప్పగా పరుగెత్తిన ఆడ గుర్రాలు ఎన్నో సామాన్యమైన పిల్లలను కన్నాయి. అర్బన్ సీ తల్లి అలెగ్రెట్టాకు మైదానంలో పెద్ద పేరు లేకపోయినా అది ఎలాంటి తల్లి అయిందో ముందు ముందు చూస్తాం.

అసలు పని రెండవ పేజీలో ఉంటుంది. ఎడమ వైపు సంవత్సరాలను వరుసగా రాసి, ఒక్కొక్క ఏటికి ఎదురుగా పిల్ల పేరు, దాని తండ్రి, ఫలితం రాయాలి. పిల్ల లేని ఏళ్ళను వదిలేయకుండా ఖాళీగానే చూపాలి. ఉత్తరార్ధగోళంలో అన్ని గుర్రాల వయసునూ జనవరి 1 నుంచే లెక్కిస్తారు కనుక సీజనులో ఆలస్యంగా ఈనిన గుర్రాన్ని ఒక ఏడాది చూడి కట్టించకుండా వదిలేయడం కద్దు. ఖాళీ కనబడగానే గొడ్డుపోయిందని తీర్మానించకూడదు. అర్బన్ సీ పేజీలో 1996కు ఎదురుగా అర్బన్ ఓషన్ ఉంటుంది. బెరింగ్ వల్ల పుట్టిన ఈ పిల్ల గ్రూప్ 3 స్థాయిలో (పెద్ద పందేల మూడు స్థాయిలలో గ్రూప్ 1 అన్నిటికన్నా పైది, గ్రూప్ 3 చివరిది) గెలిచింది. 1997లో లామ్‌తారా వల్ల పుట్టిన మెలికా, మూడేళ్ళ ఆడ గుర్రాలకు నడిపే ఇంగ్లండ్ ఓక్స్ పందెంలో మూడవ స్థానంలో నిలిచింది. 1998లో శాడ్లర్స్ వెల్స్ వల్ల గెలీలియో పుట్టి, 2001లో ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ, కింగ్ జార్జ్ పందేలు మూడూ గెలిచింది. మరుసటి ఏడు అదే జంటకు పుట్టిన బ్లాక్ శామ్ బెలమీ గ్రూప్ 1 విజేత అయింది. 2001లో వాటికే పుట్టిన ఆల్ టూ బ్యూటిఫుల్ ఓక్స్‌లో రెండవ స్థానం పొందింది. 2002లో జెయింట్స్ కాజ్‌వే వల్ల పుట్టిన మై టైఫూన్ అమెరికాలో గ్రూప్ 1కు సమానమైన డయానా స్టేక్స్ గెలిచింది. 2006లో కేప్ క్రాస్ వల్ల సీ ద స్టార్స్ పుట్టింది. చివరి ఈత 2009లో, ఇన్విన్సిబుల్ స్పిరిట్ వల్ల పుట్టిన బార్న్ టు సీ. దానిని ఈనిన తరువాత రక్తస్రావంతో ఆ మార్చిలోనే అర్బన్ సీ చనిపోయింది.

ఇప్పుడు పిల్లల పేర్లను చేతితో కప్పి, తండ్రుల పేర్ల నిలువు వరుసను మాత్రమే చదవండి. నా ఉద్దేశంలో తల్లి విలువ తేలేది ఇక్కడే. ఆర్క్ గెలిచిన గుర్రానికి అత్యుత్తమమైన మగ గుర్రాలే దొరుకుతాయి. బ్రిటన్, ఐర్లండ్‌లలో శాడ్లర్స్ వెల్స్ పద్నాలుగు సార్లు అగ్రశ్రేణి తండ్రిగా (ఆ ఏడు పిల్లలు గెలిచిన సొమ్ములో మొదటిదిగా) నిలిచింది కనుక గెలీలియో గొప్పతనంలో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం. శాడ్లర్స్ వెల్స్ ఒక్కదానితోనే మంచి పిల్లలు పుట్టి ఉంటే ఘనత ఆ జోడీది అనవలసి వచ్చేది. కాని ఇక్కడ గ్రూప్ 1 విజేతలు నాలుగింటికి తండ్రులు మూడు. ఒక మైలు దూరంలో పేరు తెచ్చుకున్న కేప్ క్రాస్ వల్ల పుట్టిన సీ ద స్టార్స్, 2009లో మైలు దూరపు టూ థౌజండ్ గినీస్‌నూ, మైలున్నర డెర్బీనీ, ఆర్క్‌నూ గెలిచింది. తండ్రి మారినా, దూరం మారినా ఫలితం నిలిచింది కనుక స్థిరంగా ఉన్న పక్షానికే, అంటే తల్లికే ఎక్కువ మార్కులు వేయాలి. అలాగని కేప్ క్రాస్‌ను తక్కువ చేయనక్కరలేదు. 2004లో ఆల్ టూ బ్యూటిఫుల్‌ను ఓడించి ఓక్స్ గెలిచిన వీజా బోర్డ్ కేప్ క్రాస్ కూతురే.

అమ్మకాల కేటలాగు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పెద్ద పందేలు గెలిచిన పేర్లను, వాటిలో స్థానం పొందిన పేర్లను ముదురు అక్షరాలలో వేస్తారు. దీనినే బ్లాక్ టైప్ అంటారు. మొదటి తల్లి (అమ్మకానికున్న పిల్ల సొంత తల్లి) కింద ముదురు అక్షరాలు లేనప్పుడు రెండవ, మూడవ తల్లుల (అమ్మమ్మ, ఆమె తల్లి) సంతానంతో పేజీ నిండిపోతుంది. చూడటానికి అది నిండుగానే ఉంటుంది గాని, ఎంత కిందికి పోతే ఆ ఘనతకు మన ముందున్న పిల్లతో సంబంధం అంత పలచబడుతుంది.

ఆపై వంశంలో పైకి వెళ్ళాలి. తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి అంటూ పోయే ఆడ వరుసలకు పాతకాలం నుంచి సంఖ్యలు ఇచ్చారు. అర్బన్ సీది 9-హెచ్ కుటుంబం. సంఖ్య చూసి బేరమాడేవారిని నేను పెద్దగా నమ్మను. దగ్గరి బంధువులను చూడటమే మేలు. జర్మన్ వంశం నుంచి వచ్చిన అలెగ్రెట్టా, అర్బన్ సీని మాత్రమే కాక 2000లో టూ థౌజండ్ గినీస్ గెలిచిన కింగ్స్ బెస్ట్‌ను కూడా కన్నది. ఆ కింగ్స్ బెస్ట్ కొడుకు వర్క్‌ఫోర్స్ 2010లో డెర్బీని, ఆర్క్‌ను గెలిచింది. అలెగ్రెట్టా మరో కూతురు అలే లే త్రువా కన్న అనాబా బ్లూ 2001లో ఫ్రెంచ్ డెర్బీ గెలిచింది. అర్బన్ సీ ఒక్కదానిలోనే కాక ఈ వరుసలోనే బలం ఉందన్న సూచన ఇక్కడ దొరుకుతుంది.

చివరగా కిందికి, అందులోనూ ముఖ్యంగా కూతుళ్ళ వైపు చూడాలి. కొడుకుల ద్వారా తల్లి పేరు త్వరగా వ్యాపిస్తుంది. గెలీలియో పన్నెండు సార్లు అగ్రశ్రేణి తండ్రిగా నిలిచి, ఫ్రాంకెల్‌నే కాక ఐదుగురు ఎప్సమ్ డెర్బీ విజేతలను కూడా ఇచ్చింది. కూతుళ్ళ దారి నిదానమైనది. ఆల్ టూ బ్యూటిఫుల్ కూతురు వండర్ ఆఫ్ వండర్స్ 2011లో తల్లి లాగే ఓక్స్‌లో రెండవది అయింది. మెలికా కొడుకు మాస్టర్‌స్ట్రోక్ 2012 ఆర్క్‌లో మూడవది. మెలికా కూతురు విల్లారికా, దాని కూతురు ఖవ్లా, ఖవ్లా కొడుకు మసార్ 2018లో ఎప్సమ్ డెర్బీ గెలిచింది. మసార్ తండ్రి న్యూ అప్రోచ్ గెలీలియో కొడుకే. అంటే మసార్ వంశవృక్షంలో అర్బన్ సీ తండ్రి వైపు మూడవ తరంలోను, తల్లి వైపు నాలుగవ తరంలోను కనబడుతుంది. దీనిని 3×4 అని రాస్తారు. ఆ గుర్తు కనబడినప్పుడు రెండు దారులూ ఏ పిల్లల మీదుగా వచ్చాయో చూడాలి. ఇక్కడ ఒకటి కొడుకు మీదుగా, మరొకటి కూతురు మీదుగా వచ్చాయి.

2009 మార్చిలో ఎవరైనా అర్బన్ సీ పేజీని ముగించి ఉంటే అందులో సీ ద స్టార్స్ గ్రూప్ 1 విజయం ఒక్కటీ ఉండేది కాదు. మే నుంచి అక్టోబరు వరకు వరుసగా గెలిచిన ఆరూ ఆ తరువాతవే. కనుక మీ పుస్తకంలో కూతుళ్ళ పేర్ల కింద కనీసం పది వరుసలు ఖాళీ వదలి, ప్రతి సీజను చివర ఒకసారి తెరిచి నింపుతూ ఉండండి.