వానలు పడకముందే పాత డీజిల్ కారు వైరింగు విషయంలో జాగ్రత్తలు

విశాఖపట్నంలో పాత డీజిల్ కారు ఉన్నవారు జూన్ వానలకు ముందు టైర్లు, వైపర్లు చూసుకుంటారు గాని వైరింగును తలచుకోరు. సముద్రపు గాలిలోని ఉప్పు ఏడాది పొడవునా బ్యాటరీ టెర్మినళ్ల మీద, ఎర్త్ బోల్టుల (బ్యాటరీ నెగటివ్ వైపును కారు బాడీకి, ఇంజనుకు కలిపే బోల్టులు) చుట్టూ, కనెక్టర్ల లోపల పేరుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగేసరికి ఆ ఉప్పు నీటిని పీల్చుకుని లోహాన్ని తినివేస్తుంది. వేసవిలో నెలకొకసారి తలెత్తి తనంతట తానే సర్దుకున్న లోపం వానాకాలంలో వారానికి రెండుసార్లు కనిపించటానికి ఒక ముఖ్య కారణం ఇదే. బీచ్ రోడ్డుకు దగ్గరగా, పెదవాల్తేరులోనో రుషికొండలోనో ఆరుబయట నిలిపే కార్లకు ఈ బెడద మరింత ఎక్కువ.

మళ్లీ మళ్లీ వచ్చే విద్యుత్ లోపానికి మనం సాధారణంగా చేయించే వైద్యం భాగాలు మార్చటం. మా పాత కారుకు ఒకే ఏడాదిలో రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మోటారు మార్పించిన తరువాత గాని, ఇంజనును బాడీకి కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింద చిలుము పట్టి ఉందని తెలియలేదు. బోల్టు విప్పి, రెండు వైపులా లోహం మెరిసేదాకా రుద్ది బిగించగానే కారు మామూలుగా స్టార్టయింది. ఉప్పు తెచ్చిన చేటును ఉప్పుకాగితమే వదిలించింది. అప్పటినుంచి కొలవనిదే ఏదీ కొనకూడదన్నది మా ఇంట్లో నియమం.

కొలవటానికి ఒక సాధారణ మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపి ఉంచిన కారులో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగానికి పడిపోయినట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వరకు రావాలి. అంతకంటే తక్కువైతే ముందుగా బెల్టు బిగువు, ఆ తరువాత బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూడాలి. 15 దాటితే వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పొద్దున్నే సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతూ ఉంటే లోపం కరెంటు పోయే దారిలో, అంటే తీగల్లోనో బిగింపుల్లోనో ఉన్నట్టే.

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని విపరీతంగా అదిమి, ఆ వేడికే ఇంధనాన్ని మండిస్తుంది కనుక దాన్ని తిప్పటానికి సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఓమ్‌లో నూరో వంతు నిరోధం చేరినా 200 ఆంపియర్ల దగ్గర అది 2 వోల్టులను మింగేస్తుంది. అంత చిన్న నిరోధాన్ని మీటరును ఓమ్‌ల మీద పెట్టి పట్టుకోవటం సాధ్యం కాదు. అందుకని మీటరును డీసీ వోల్టుల మీద ఉంచి, ఒక కొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, రెండో కొనను ఇంజను మీద శుభ్రమైన లోహానికి ఆనించి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండగా ఇంట్లోవారిచేత రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టించాలి. ఆ సమయంలో 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపితే ఎర్త్ బాగోలేదని అర్థం. వైర్లు ఫ్యానుకు, బెల్టుకు తగలకుండా ముందే చూసుకోవాలి. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ దీపం మసకబారటం, హెడ్‌లైట్లు వేయగానే డాష్‌బోర్డు మీటరు ముల్లు కదలటం కూడా ఎర్త్ లోపానికి ఆనవాళ్లే.

రెండు మూడు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోయే కారుది వేరే రోగం. నెగటివ్ తీగ విప్పి, మీటరు ఎర్ర తీగను దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, విప్పిన తీగకు, బ్యాటరీ నెగటివ్ స్తంభానికి మధ్యలో మీటరును కలిపి, తలుపులు మూసి అరగంట ఆగితే, 50 మిల్లీ ఆంపియర్లకు మించి ప్రవహించకూడదు. 300 ఉంటే 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగైదు రోజుల్లో సగానికి వస్తుంది. ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ పోతే అంకె ఎక్కడ పడిపోతుందో దొంగ అక్కడ ఉన్నట్టు. నా అనుమానం ఎప్పుడూ ముందుగా బయట బిగించిన స్టీరియో, హారను, కెమెరాల మీదికే పోతుంది. మీటరు ఇలా ఉండగా మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు.

ముందు అద్దం కింద నీరు పోయే రంధ్రాలలో ఆకులు తీయించండి. అవి మూసుకుంటే నీరు డాష్‌బోర్డు వెనుకకు దిగుతుంది. తలుపు, డిక్కీ మూలల్లో రబ్బరు గొట్టం లోపల తీగలు విరిగి ఉండవచ్చు, వానలకు ఎలుకలు ఇంజను వెచ్చదనానికి చేరతాయి, రెండూ చూసుకోవాలి. లోపం వచ్చిన ప్రతిసారీ తేదీ, వాన, అప్పుడు వేసి ఉన్న స్విచ్చులు ఒక పుస్తకంలో రాసిపెడితే ఎలక్ట్రీషియన్ పని సగం తగ్గుతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. కాలిన ఫ్యూజు స్థానంలో పెద్దది గాని, తీగ ముక్క గాని పెడితే వైరింగే కాలుతుంది. ఆల్టర్నేటర్‌ను పరీక్షించే నెపంతో ఇంజను నడుస్తుండగా టెర్మినల్ పీకే పాత అలవాటును ఎంత అనుభవం ఉన్న మెకానిక్ చేయబోయినా ఆపండి. ఎయిర్‌బ్యాగుల పసుపు కనెక్టర్లను, కామన్ రైల్ (ఎక్కువ పీడనంతో ఇంధనం చిమ్మే పద్ధతి) ఇంజెక్టర్ల తీగలను టెస్టు దీపంతో తాకకూడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. చార్జర్ మీద ఆధారపడిన బ్యాటరీ అలాంటప్పుడు పనికిరాదు. అందువల్ల జంపర్ కేబుళ్లు కారులో ఉంచుకోండి. ఎరుపు కొనలు రెండు పాజిటివ్‌లకు, నలుపు ఒకటి మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరిది మాత్రం దిగిపోయిన బ్యాటరీకి దూరంగా ఆ కారు ఇంజను లోహానికే పెట్టాలి. రైల్వే వంతెనల కింద నిలిచిన నీటిలో ఇంజను ఆగిపోతే అది వైరింగు లోపమనుకుని మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లలో నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, కారును తోయించి బయటికి తీసుకురావాలి.