సన్న సీపీయూకు మూడు మానిటర్లు: నా అనుభవం

హన్మకొండలో మాది డీటీపీ సెంటర్. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక తెరపై కార్డు డిజైన్, ఇంకోదానిపై కస్టమర్ వాట్సాప్‌లో పంపిన పేర్లు, మూడోదానిపై ఫ్లెక్స్ పని తెరిచి ఉంటేనే అక్షరదోషాలు దొర్లవు. సీపీయూ మాత్రం ఆఫీసులో వాడి అమ్మేసిన సన్న రకం. పవర్ సప్లై 240 వాట్లే, మానిటర్లను నడిపే గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటిచ్చే వైరు లేదు.

మూడు మానిటర్లకు ఏ కార్డు కొనాలని అడిగితే అందరూ గేమింగ్ కార్డే చెప్పారు. మా పనికి కావాల్సింది వేగం కాదు, పోర్టులు, అంటే మానిటర్ కేబుళ్లు గుచ్చే సాకెట్లు. జీటీ 1030 అనే కార్డు చవకే గానీ రెండు మానిటర్లకు మించి నడపదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఎన్విడియా క్వాడ్రో పీ620 కార్డు వెతికాను. నాలుగు మినీ డిస్‌ప్లేపోర్టులు, వాడేది 40 వాట్లు, అదీ మదర్‌బోర్డుపై కార్డు గుచ్చే స్లాట్ నుంచే.

"అన్నా, పొట్టి పట్టీ కూడా ఇయ్యి" అని దుకాణంలో గట్టిగా అడిగాను. కార్డును క్యాబినెట్‌కు పట్టి ఉంచే ఇనుప పట్టీ అది. కార్డు చివర రెండు చిన్న స్క్రూలు విప్పి పొడవు పట్టీ తీసి, ఈ పొట్టిది బిగిస్తేనే సన్న క్యాబినెట్‌లో కూర్చుంటుంది.

రెండు మానిటర్లు వెంటనే వెలిగాయి. మూడోది పాతది, దానికి వీజీఏ అనే పాత రకం పోర్టు ఒక్కటే ఉంది. కార్డు నుంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్, వీజీఏది అనలాగ్. అందుకే సిగ్నల్ మార్చే చిప్ లోపల ఉన్న యాక్టివ్ కన్వర్టర్ పెడితే అదీ వచ్చేసింది. కార్డు కొనేటప్పుడే ఈ కన్వర్టర్, కేబుళ్ల ఖర్చు లెక్కలో వేసుకోండి.