మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు

మృగశిర కార్తెలోపు ఇంటి మరమ్మతులు ముగించాలని నల్లగొండలో ఇప్పుడు అందరికీ తొందరే. ముందు ఇవి చూసుకోండి.

• అడ్వాన్సు పదో వంతు దాటనివ్వకండి, మిగతాది పని జరిగిన మేరకే. సగం డబ్బు ముందే తీసుకున్న మేస్త్రీ మా బాత్రూం తవ్విపోసి వేరే ఊరి స్లాబు పనికి వెళ్లిపోయాడు. 20 రోజులు పక్కింటి బాత్రూమే దిక్కయింది.

• కూలి మాత్రమేనా, సామానుతో కలిపా? కాగితం మీద రాయించండి. చదరపు అడుగుల లెక్కలో కిటికీల ఖాళీ తీసేస్తారో లేదో కూడా రాయాలి, గొడవంతా అక్కడే.

• టైల్స్‌కు ముందు బాత్రూంలో 24 గంటలు నీళ్లు నిలపండి. కింది గది పైకప్పు చెమ్మగిల్లితే పని ఆపించండి.

• గోడలో పైపులు, వైర్లు మూసేముందు కొలత టేపు పెట్టి ఫోటో తీయండి. రేపు మేకు కొట్టాలిగా.

• కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం 7 రోజులు నీళ్లు కొట్టేదెవరో ముందే తేల్చండి. ఈ ఎండకు ఆరితే పగుళ్లే.