చేతికి రాని కత్తిని చదవడం ఎలా?

కొత్త కత్తుల ప్రకటనలకు ఏడాదిలో మూడు కాలాలున్నాయి. జనవరిలో లాస్ వేగస్‌లో షాట్ షో, ఫిబ్రవరి–మార్చి ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఐడబ్ల్యుఏ, వేసవి మొదట్లో అట్లాంటాలో బ్లేడ్ షో అనే ప్రదర్శనలు జరుగుతాయి. అక్కడి బల్లలపై పరిచిన నమూనాల ఫొటోలు ఆ సాయంత్రానికే మన ఫోన్లలోకి చేరతాయి గాని, అసలు కత్తి దుకాణానికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. ఈ నిరీక్షణలో చాలామంది చేసేది ఆ ఫొటోనే పదేపదే చూసుకోవడం. దానికి బదులు ఒక స్కేలు, ఒక అట్టముక్క, కాస్త లెక్క దగ్గర పెట్టుకుంటే, రాబోయే కత్తి గురించి తెలుసుకోవలసినదానిలో అధికభాగం ముందే తెలుసుకోవచ్చు.

ముందుగా చేయవలసినది కత్తిని అసలు పరిమాణంలో తయారు చేసుకోవడం. ప్రకటనలో అలుగు (కోసే ఉక్కు భాగం) పొడవు, మొత్తం పొడవు తప్పక ఉంటాయి. కత్తి పక్కవాటుగా కనిపించే ఫొటోను తీసుకుని, అందులోని అలుగు స్కేలుపై సరిగ్గా ప్రకటించినంత పొడవు వచ్చేలా పెంచో తగ్గించో ముద్రించి, మందపాటి అట్టకు అతికించి, అంచుల వెంట కత్తిరించాలి. మడత కత్తి అయితే తెరిచిన రూపం ఒకటి, మూసిన రూపం ఒకటి కావాలి. మూసిన అట్టను రోజూ వేసుకునే ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చోండి, స్కూటరు ఎక్కి దిగండి. తెరిచిన అట్టను పిడికిలిలో పట్టుకుని నాలుగు వేళ్లూ పిడి మీద ఆనుతున్నాయో లేదో చూడండి. నేను ఒకసారి ఫొటో చూసి మోజుపడి, ముందుగానే డబ్బు కట్టి తెప్పించుకున్న కత్తి పిడిలో నా చిటికెన వేలికి చోటే లేకపోయింది. ప్రకటనలో పిడి పొడవు స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే.

బరువును కూడా ఇలాగే ముందుగా అనుభవించవచ్చు. ఇందుకు ప్రసిద్ధమైన రెండు మడత కత్తులను ఉదాహరణగా తీసుకుందాం. కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్ పట్టణానికి చెందిన స్పైడర్కో తయారుచేసే పారామిలిటరీ 2 అలుగు సుమారు 87 మిల్లీమీటర్లు, బరువు సుమారు 106 గ్రాములు. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో మొదలైన ఒపినెల్ వారి 8వ నంబరు కత్తి అలుగు 85 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 45 గ్రాములు. మన పాత పది రూపాయల నాణెం బరువు 7.71 గ్రాములు కాబట్టి, మొదటి కత్తికి 14 నాణేలు, రెండవదానికి 6 నాణేలు గుడ్డలో చుట్టి అట్టతోపాటు జేబులో వేసుకుని ఒక రోజు తిరిగితే, ఫొటోలో ఒక్కలాగే కనిపించే రెండు అలుగుల మధ్య తేడా తొడకు తెలిసిపోతుంది.

ఆ రెండింటి మధ్య అంతకన్నా పెద్ద తేడా మందంలో ఉంది. పారామిలిటరీ అలుగు వీపు దగ్గర సుమారు 3.7 మిల్లీమీటర్లు ఉంటే, ఒపినెల్‌ది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. యాపిల్ పండును ఒపినెల్ నిశ్శబ్దంగా రెండు చెక్కలు చేస్తుంది. మందపాటి కత్తి ఎంత పదునుగా ఉన్నా సగం దాకా దిగి, అక్కడినుంచి పండును టప్పున చీలుస్తుంది. కొత్త కత్తుల గురించిన చర్చ అంతా ఉక్కు పేరు చుట్టూ తిరుగుతున్నా, కత్తి తెగే తీరును ముందుగా నిర్ణయించేది ఈ మందమే, అందులోనూ వాదరకు (పదునైన అంచుకు) సరిగ్గా పైన ఉండే మందమే అని నా అభిప్రాయం. తయారీదారులు వీపు మందాన్ని ప్రకటిస్తారు గాని, వాదర పైని మందాన్ని చెప్పేవారు అరుదు.

అయితే ఫొటో ఆ రహస్యాన్ని దాచలేదు. వాదర వెంట సన్నగా మెరిసే పట్టీ ఒకటి కనిపిస్తుంది. సాన పట్టినప్పుడు ఏర్పడే వాలు అది. ఒక్కో వైపు 20 డిగ్రీల కోణంలో సాన పట్టారనుకుంటే, ఆ పట్టీ వెడల్పును 0.7తో గుణిస్తే పట్టీకి సరిగ్గా పైన అలుగు మందం దాదాపుగా వస్తుంది. ఉదాహరణకు 87 మిల్లీమీటర్ల అలుగు మీ కంప్యూటరు తెరపై 174 మిల్లీమీటర్లుగా కనిపించేలా ఫొటోను పెంచారనుకోండి. తెరపై ఆ పట్టీ రెండు మిల్లీమీటర్లు ఉంటే నిజంగా ఒక మిల్లీమీటరు, అంటే వాదర పైని మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. తాళ్లు, కర్ర, అట్టపెట్టెలతో మోటుపని చేసే కత్తికి అది సరిపోతుంది. కూరగాయలు, పండ్లు కోయడమే ప్రధానమైతే అర మిల్లీమీటరుకు లోపు ఉన్నదానినే కోరుకోవాలి. వెలుతురు వాలుగా పడిన ఫొటోలో పట్టీ ఉన్నదానికన్నా వెడల్పుగా భ్రమింపజేయవచ్చు కనుక, కనీసం రెండు మూడు ఫొటోలపై ఈ లెక్క వేయడం మంచిది.

ఇక ఉక్కు సంగతి. అమెరికా లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ అనే ఉక్కు 2021లో మార్కెట్లోకి వచ్చినప్పటినుంచి, ఖరీదైన కొత్త కత్తుల ప్రకటనల్లో దాని పేరు తరచుగా కనిపిస్తోంది. అందులో క్రోమియం 10.7 శాతం, చాలాకాలంగా వాడుకలో ఉన్న డి2 ఉక్కులో దాదాపు 12 శాతం. క్రోమియం ఎక్కువైతే తుప్పు తక్కువ పట్టాలి గదా అనుకుంటాం. కాని డి2లో కర్బనం 1.5 శాతం వరకు ఉండటంవల్ల, క్రోమియంలో చాలాభాగం దానితో కలిసి కార్బైడులుగా మారిపోతుంది; తుప్పును ఆపేందుకు మిగిలేది కొంతే. మాగ్నాకట్‌లో కర్బనాన్ని వనేడియం, నియోబియం పట్టుకుంటాయి గనుక క్రోమియం స్వేచ్ఛగా మిగులుతుంది. పెద్ద క్రోమియం కార్బైడులు లేనందువల్ల అలుగు తేలిగ్గా పెచ్చులూడదు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉప్పుగాలి మధ్య కత్తి వాడేవారికి ఈ తేడా పుస్తకాల్లోది కాదు.

అయినా ఉక్కు పేరు సగం సమాచారమే. కొలిమి వేడినుంచి చల్లార్చే దాకా జరిగే హీట్ ట్రీట్‌మెంట్ సరిగా లేకపోతే ఎంత గొప్ప ఉక్కైనా మెత్తబడుతుంది, లేదా పెళుసెక్కుతుంది. కాబట్టి ప్రకటనలో రాక్‌వెల్ కాఠిన్యం అంకె కోసం వెతకండి, లేకపోతే తయారీదారును అడగండి. ఒకే ఉక్కుకు ఒకరు 58–60 అని, మరొకరు 61–63 అని చెబితే, ఆ రెండు కత్తులను ఒకే ఉక్కుతో చేసినవిగా లెక్కించకండి. ప్రకటనకూ తయారీకీ మధ్య ఉక్కు మారిపోయే అవకాశమూ ఉంది. ఎన్నో కత్తి ఉక్కులకు పుట్టినిల్లయిన అమెరికా సంస్థ క్రూసిబుల్ 2024 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. నమూనాపై చెక్కిన ఉక్కు పేరు, అమ్మకానికి వచ్చిన కత్తిపై చెక్కిన పేరు ఒకటేనా అని కొనే రోజున మళ్లీ చూసుకోవాలి.

మడత కత్తిలో తర్వాత పరిశీలించవలసినది తాళం, అంటే తెరిచిన అలుగు మూసుకుపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు. 1960లలో వచ్చిన బక్ 110 కత్తికి తాళం పిడి వెనుక ఉంటుంది. ఒపినెల్‌కు 1955లో చేర్చిన విరోబ్లాక్ కేవలం చేతితో తిప్పే ఉక్కు కడియం. అంతకన్నా సులభంగా అర్థమయ్యే తాళం నేను చూడలేదు. కత్తుల తయారీదారు మైకేల్ వాకర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన లైనర్ లాక్, క్రిస్ రీవ్ చేసిన సెబెంజా కత్తితో స్థిరపడిన ఫ్రేమ్ లాక్ రెండింటిలోనూ లోహపు పట్టీ ఒకటి వంగి వచ్చి అలుగు వెనుక ఆనుతుంది. వీటిని మూసేటప్పుడు బొటనవేలు అలుగు దారిలోనే ఉంటుందని గుర్తుంచుకోవాలి. బెంచ్‌మేడ్ సంస్థ 1998లో ప్రవేశపెట్టిన ఆక్సిస్ తాళంలో అడ్డంగా ఉండే చిన్న కడ్డీని వెనక్కు లాగితే చాలు, వేళ్లు అలుగు దారిలోకి రావు, ఎడమచేతివాటం వారికీ అంతే సులువు. అది పనిచేయడానికి లోపల వెంట్రుకలంత సన్నని స్ప్రింగులు ఉంటాయి గనుక, విడి స్ప్రింగులు దొరుకుతాయా అన్నది తయారీదారును అడగదగిన ప్రశ్న.

మడత లేని కత్తిలో తాళం బెడద లేదు. అక్కడ చూడవలసినవి పిడిలోపలి ఉక్కు, ఒర. అలుగు ఉక్కు పిడి చివరిదాకా, పిడి వెడల్పున సాగితే దానిని ఫుల్ టాంగ్ అంటారు. స్వీడన్‌కు చెందిన మోరా కంపానియన్‌లో ఆ ఉక్కు సన్నగా పిడిలోపల దాగి ఉంటుంది. దాని అలుగు 104 మిల్లీమీటర్ల పొడవు, 2.5 మిల్లీమీటర్ల మందం. చెక్క చెక్కడానికి ఇంత తక్కువ ధరలో ఇంత బాగా పనిచేసే కత్తి మరొకటి చూపడం కష్టం. దుంగలు చీల్చాలనుకుంటేనే ఫుల్ టాంగ్ కోసం పట్టుబట్టండి. ఒర ఫొటో లేని ప్రకటనను అనుమానించండి. తోలు ఒర చూడముచ్చటగా ఉంటుంది గాని వర్షాకాలంలో తేమను పట్టి ఉంచుతుంది. కత్తిని అందులో నెలల తరబడి నిలవ ఉంచకూడదు.

డబ్బు కట్టేముందు చట్టం చూడాలి. మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం అలుగు 9 అంగుళాలకు మించి పొడవుగానో, 2 అంగుళాలకు మించి వెడల్పుగానో ఉన్న కత్తులు ఆయుధాల వర్గంలోకి వస్తాయి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవి అందులోకి రావు. ఢిల్లీలో నిబంధన ఇంకా కఠినం. స్ప్రింగు, బటను వంటి యాంత్రిక ఏర్పాటుతో తెరుచుకునే లేదా మూసుకునే కత్తి అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉంటే 1980 నాటి నోటిఫికేషన్ వర్తిస్తుంది. బ్రిటన్‌లో ఉంటున్నవారు తగిన కారణం లేకుండా వెంట ఉంచుకోగలిగేది తాళం లేని, మూడు అంగుళాలకు మించని మడత కత్తి మాత్రమే. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అక్కడినుంచి హైదరాబాద్ వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు, దానిని విమానంలోకి తీసుకెళ్లే సంచిలో కాక, చెక్-ఇన్ పెట్టెలోనే సర్దమని ముందుగా చెప్పాలి.

కత్తి చేతికి వచ్చిన రోజున మొదట పాత అట్టను తీసి, పక్కపక్కన పెట్టి చూడండి. వాదరకు సరిగ్గా పైన మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో మూడు చోట్ల, పిడి దగ్గర, నడుమ, మొన దగ్గర కొలిచి, మీరు ముందు వేసిన అంచనా పక్కనే ఆ అంకెలను అట్ట మీద రాయండి. నా దగ్గర అలాంటి అట్టలు ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. తొలి అట్టల మీద అంచనాకూ కొలతకూ మధ్య 0.3 మిల్లీమీటర్ల దాకా తేడా ఉండేది. ఈమధ్య రాసినవాటిలో అది 0.1 దాటడం లేదు.