ల్యాప్ స్టీల్ కొత్తగా నేర్చుకుంటున్నారా? ముందు ఓపెన్ డి

ఒంగోలులో మా చర్చి పాటలకు నేను ల్యాప్ స్టీల్ వాయిస్తాను. అంటే ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద బార్ అనే లోహపు కడ్డీ జరుపుతూ వాయించే గిటార్. కొత్తవాళ్లు ఎవరు అడిగినా ఓపెన్ డి తోనే, అంటే ఖాళీ తీగలు మీటితేనే డి కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) వచ్చే ట్యూనింగ్‌తోనే మొదలుపెట్టమంటాను. లావు తీగ నుంచి సన్న తీగ దాకా డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. మామూలు గిటార్ ట్యూనింగ్ నుంచి నాలుగు తీగలు వదులు చేస్తే చాలు. ఏదీ బిగించే పని లేదు కాబట్టి తీగ తెగుతుందన్న టెన్షన్ ఉండదు.

మన లెక్కలో అది స ప స గ ప స. డి ని షడ్జమంగా పెట్టుకుని ఖాళీ తీగలు మీటి వినండి, శ్రుతి ఎంత నిండుగా ఉంటుందో! శంకరాభరణానికి గాంధారం సిద్ధంగా ఉంటుంది. ఖరహరప్రియకైతే ఎఫ్ షార్ప్ తీగను ఎఫ్‌కు దించుకోండి.

బార్‌ను ఐదో ఫ్రెట్ మీద ఉంచితే జి కార్డ్, ఏడో ఫ్రెట్ మీద ఏ. వేలితో నొక్కినట్టు ఫ్రెట్‌కు వెనక కాదు, సరిగ్గా ఆ ఫ్రెట్ గీత నెత్తిన ఉండాలి. వెంట్రుకవాసి వెనక్కి జరిగినా స్వరం దిగిపోతుంది. ఖాళీ తీగలతో కలిపి ఈ మూడు చోట్లు వస్తే చాలా కీర్తనలకు తోడు వాయించొచ్చు.

డోబ్రో (రెసొనేటర్ గిటార్) వాళ్ల ట్యూనింగ్ జి, బి, డి, జి, బి, డి కావాలంటే లావు వైపు రెండు తీగల చోట ఇంకాస్త సన్నవి వేయాలి, పాతవాటినే బిగించకండి.

సి సిక్స్‌త్ ట్యూనింగ్ నాకు చాలా ఇష్టం: సి, ఇ, జి, ఏ, సి, ఇ. సన్న వైపు మూడు తీగల్లోనే ఏ మైనర్ దొరుకుతుంది. కానీ అక్కర్లేని తీగలను కుడిచేత్తో ఆపడం వచ్చాకే దాని జోలికి వెళ్లండి.