ఎండలు ముదరకముందే పాత కారు హెడ్ గ్యాస్కెట్ విషయంలో జాగ్రత్తలు

ఈమధ్య శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్న ఒక పాత కారు మలుపులో ఆగిపోయింది. నడుపుతున్న ఆయన పొగలు కక్కుతున్న రేడియేటర్ మూతను తడిగుడ్డతో పట్టి తిప్పడంతో మరిగిన నీరు ఎగజిమ్మి, ఆయన మెడ, ముంజేతులు బొబ్బలెక్కాయి. విన్నవారంతా మూత తీయడమే తప్పని అన్నారు. అది తప్పే. కానీ అసలు తప్పు అంతకు చాలాముందు, ఘాట్ ఇంకా మొదలుకాకుండానే జరిగింది. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి లేవడం ఆయన చూశారు, చూసి కూడా పైదాకా వెళ్లి ఆపుదామనుకున్నారు. అరకు వెళ్లేవారూ, చందనోత్సవానికి సింహాచలం కొండ ఎక్కేవారూ, రోహిణి కార్తెలో విశాఖ ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకునేవారూ చేస్తున్న తప్పు ఇదొక్కటే. నీళ్లు చూసుకోవాలి, ఆయిల్ చూసుకోవాలి వంటి అందరికీ తెలిసిన మాటలను వదిలేసి, ఈ ఒక్కదాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముల్లు లేచాక బండి నడపకూడదు.

దీనికి కారణం లోహంలోనే ఉంది. సిలిండర్లుండే ఇంజన్ బ్లాకుకూ, దానిపై మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య బిగించే పలుచని పొరే హెడ్ గ్యాస్కెట్. సిలిండర్లలో మండే వాయువునూ, నీటినీ, ఆయిల్‌నూ ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉంచేది అదే. పోత ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడికి సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. బోల్టులతో బిగించి ఉన్న అల్యూమినియం హెడ్ హద్దు మీరి వేడెక్కితే, వ్యాకోచించడానికి చోటులేక వంగిపోతుంది, చల్లారిన తర్వాత కూడా ఆ వంపు పూర్తిగా పోదు. గ్యాస్కెట్ మొదట చిట్లేది రెండు సిలిండర్ల మధ్యనుండే సన్నని పట్టీ దగ్గర. అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్న పెద్దలు ‘మేము నీళ్లు పోసుకుని వెళ్లిపోయేవాళ్లం’ అని అంటుంటారు. పాత అంబాసిడర్‌లోని బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ ఇంజన్‌లో హెడ్ కూడా పోత ఇనుమే కాబట్టి అది కొంత ఓర్చుకునేది. మారుతీ 800 హెడ్ అల్యూమినియంది, అది ఆ మొరటుతనాన్ని ఓర్చుకోదు. రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, అలవాట్లు మాత్రం మొదటి కారువే మిగిలాయి.

ఇంకొక మోసం ఉంది, అనుభవజ్ఞులు కూడా ఇక్కడే బోల్తా పడతారు. పైకి లేచిన ముల్లు కాసేపటికి దానంతటదే కిందికి దిగివస్తుంది. నడిపేవారు గండం గడిచిందనుకుని యాక్సిలేటర్ తొక్కుతారు. నిజానికి ఆ ముల్లును కదిలించే సెన్సర్ నీటిలో మునిగి ఉంటేనే సరైన వేడిని చూపుతుంది. నీరంతా బయటికి పోయి సెన్సర్ చుట్టూ ఆవిరి, గాలి మాత్రమే మిగిలినప్పుడు ముల్లు పడిపోవచ్చు. లేచిన ముల్లు దిగిందంటే ఇంజన్ చల్లబడిందనే కాదు, ఇంజన్‌లో నీరే లేకపోయి ఉండవచ్చు. ఇంకో రెండు కిలోమీటర్లు అలాగే నడిపితే పిస్టన్లు పట్టేయవచ్చు. గ్యాస్కెట్‌తో పోయేది ఇంజన్ మొత్తం మార్చేదాకా వస్తుంది.

ముల్లు లేచిన వెంటనే ఏసీ ఆపాలి, హీటర్‌ను పూర్తిగా పెట్టి బ్లోయర్ తిప్పాలి. అది ఇంజన్ వేడిని కొంత లాగుతుంది. ఇది సురక్షితమైన చోట బండిని పక్కకు తీయడానికి మాత్రమే, ప్రయాణం సాగించడానికి కాదు. తర్వాత ఇంజన్ ఆపి, పై హోస్ (ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే రబ్బరు గొట్టం) చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడే వరకు మూత జోలికి పోకూడదు. మూసి ఉన్న రేడియేటర్‌లో ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి, నీరు ఒక్క ఊపున మరిగి ఆవిరితో కలిసి ఎగజిమ్ముతుంది. గుడ్డ దాన్ని ఆపలేదు. వేడి ఇంజన్ మీద చల్లని నీళ్లు కుమ్మరించినా, లోపల పోసినా హెడ్ పగలవచ్చు.

ఇక గ్యాస్కెట్ పోయిందో లేదో తేల్చుకోవడంలో తొందర వద్దు. డిసెంబర్ ఉదయాల్లో సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి ఆవిరి కొద్ది నిమిషాల్లో ఆగిపోతే అది పేరుకున్న తేమే. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీరు తగ్గుతుంటే అప్పుడు అనుమానించాలి. ఆయిల్ పోసే మూత కింద పాలకాఫీ రంగు జిగురు కనిపించగానే మెకానిక్ హెడ్ విప్పాలంటే ఒప్పుకోకూడదు. ఈ సముద్రపు గాలిలో రోజూ మద్దిలపాలెం నుంచి బీచ్ రోడ్డు వరకు మాత్రమే తిరిగే బండికి ఆ జిగురు తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీది ఆయిల్ కూడా అదే రంగులో ఉంటేనే ఆ జిగురును ప్రమాదంగా చూడాలి.

నేను ఎక్కువగా నమ్మే పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. రాత్రంతా నిలబెట్టి పూర్తిగా చల్లబడిన బండిని ఉదయం స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్‌ను నొక్కి చూడాలి. హోస్ ఇంకా చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడితే, ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్‌లోని వాయువు నీటిలోకి దూరుతోందని అర్థం. దాన్ని ఖాయం చేసుకోవడానికి మంచి షెడ్డులో రేడియేటర్ మూతి మీద నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం పెట్టి చూస్తారు. మండిన వాయువు తగిలితే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షలో పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ పట్టీ చిట్లినట్టే. అన్ని లక్షణాలూ ఒకేసారి కనిపించవు. ఆయిల్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు.

మరమ్మతు విషయానికొస్తే, ‘గ్యాస్కెట్ ఒక్కటి మార్చితే చాలు, సాయంత్రానికి బండి ఇచ్చేస్తాం’ అనే షెడ్డుకు బండి ఇవ్వకూడదు. హెడ్ మీద వంపులేని ఉక్కు పట్టీ పెట్టి, ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే పలుచని రేకులతో) కింది సందు కొలవాలి. చిన్న కార్లలో సాధారణంగా 0.05 మిల్లీమీటర్ల దగ్గరే హద్దు ఉంటుంది, మీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క. హద్దు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి, అంటే హెడ్ కింది ముఖాన్ని చదును చేయించాలి, అంతకుముందే పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. బ్లాకు పైభాగాన్ని కూడా అలాగే కొలవాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. మరీ ముఖ్యంగా, బండి ఎందుకు వేడెక్కిందో తేల్చకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే అది కూడా పోతుంది. రుషికొండ, భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలోని బండ్లకు ఆ కారణం తరచు రేడియేటరే కావచ్చు: ముందునుంచి బాగానే కనిపిస్తుంది, కానీ వేలితో రాస్తే రెక్కలు పొడిగా రాలిపోతాయి. అలాంటి రేడియేటర్‌ను కడిగి లాభం లేదు.

హెడ్ బోల్టులను ఇంజన్ పూర్తిగా చల్లారాకే, బయటినుంచి లోపలికి, కొద్దికొద్దిగా వదులు చేయాలి. బిగించేటప్పుడు మధ్యనుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించాలి. చేతి అంచనా మీద బిగించే మేస్త్రీ ఎంత పేరున్నవాడైనా ఒప్పుకోవద్దు. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీరు మిగలకూడదు, అవి మిగిలితే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ హెడ్ నొక్కుకోదు, ఒక్కోసారి బ్లాకు కూడా పగులుతుంది. ఒకసారి సాగిన బోల్టులను మళ్లీ వాడమని మాన్యువల్ చెప్పకపోతే వాడవద్దు. ఎమరీ డిస్క్‌తో హెడ్‌ను రుద్దనివ్వవద్దు. మాన్యువల్‌లో లేని చోట గమ్ పూయనివ్వవద్దు. హెడ్ విప్పినప్పుడే టైమింగ్ బెల్ట్ మార్చాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, నీరు కలిసిన ఆయిల్‌తో బేరింగులు నిలవవు. లీకు ఆపే పొడులు, ద్రవాలు పోయవద్దు. థర్మోస్టాట్‌ను (నీటి వేడిని బట్టి తెరుచుకునే కవాటాన్ని) పీకేయమంటే వినవద్దు. బోరు నీళ్లు పోయవద్దు. తీసిన కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) షెడ్డు ముందు గిన్నెలో వదలవద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చచ్చిపోతాయి, పిల్లలకూ అది విషమే. కొత్త కూలెంట్ పోశాక హీటర్ పెట్టి లోపలి గాలంతా బయటికి పోయేదాకా ఇంజన్ నడపాలి. మొదటి వారం రోజూ ఉదయం చల్లటి ఇంజన్‌లో నీటిమట్టం చూడాలి. ఆ వారం ఘాట్ ఎక్కవద్దు. ఎక్కిన రోజున ముల్లు లేస్తే, పైదాకా వెళ్లి ఆపుదామనుకోవద్దు, ఉన్నచోటే పక్కకు తీసి ఆపండి. అది దానంతటదే దిగివస్తే ఇంకా త్వరగా ఆపండి.