నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉందా? స్టెరాయిడ్ ఇంజెక్షన్ విషయంలో ఏం చేయాలంటే

ఏడో నెలలోనో ఎనిమిదో నెల మొదట్లోనో పొట్ట ఉండుండి గట్టిపడుతున్నా, నడుం లాగుతున్నా, ఉమ్మనీరు పోతున్నట్టు అనిపించినా, రక్తం కనిపించినా తెల్లారాక చూద్దాంలే అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి, వీలైతే నెలలు నిండని పిల్లల్ని చూసుకునే ఏర్పాట్లున్న చోటికే. ఎందుకింత తొందరంటే, పుట్టబోయే బిడ్డ ఊపిరి కోసం తల్లికిచ్చే స్టెరాయిడ్ పూర్తిగా పని చేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

ఊపిరి వదిలిన ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలచని పూత కాపాడుతుంది. బాగా ముందుగా పుట్టే పిల్లల్లో అది చాలినంత ఉండదు. తల్లికిచ్చే స్టెరాయిడ్ మాయ దాటి బిడ్డను చేరి, ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమయ్యేలా చేస్తుంది. న్యూజిలాండ్ డాక్టర్లు లిగిన్స్, హోవీ 1972లోనే దీన్ని గర్భిణుల్లో పరీక్షించి చూపించారు. శ్వాస ఇబ్బంది ఒక్కటే కాదు, మెదడులో రక్తస్రావం, శిశు మరణాలు కూడా దీనివల్ల తగ్గుతాయి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మొదటి నెలల్లో తీసిన స్కాన్ రిపోర్టు మర్చిపోవద్దు. వారాల లెక్క సరిగ్గా తేలితేనే డాక్టర్ సరైన నిర్ణయం తీసుకోగలరు. సాధారణంగా 24 నుంచి 34 వారాల మధ్య, వారంలోపు కాన్పు అయ్యేలా ఉంటే ఇస్తారు. ఆ తర్వాతి వారాల్లో ఇస్తే బిడ్డకు పుట్టాక షుగర్ పడిపోయే అవకాశం పెరుగుతుంది కాబట్టి లాభనష్టాలు డాక్టర్‌తో మాట్లాడుకోండి. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉందా అన్నదీ చూస్తారు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పండి.

ఇచ్చే స్టెరాయిడ్ బీటామెథసోన్ అయితే 12 మిల్లీగ్రాములు 24 గంటల తేడాతో రెండుసార్లు, డెక్సామెథసోన్ అయితే 6 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి నాలుగుసార్లు, కండకు ఇస్తారు. కోర్సు పూర్తయ్యేలోపే కాన్పు అయిపోతుందేమో అన్న అనుమానంతో మొదటి డోసు వదులుకోకండి, అసంపూర్తి కోర్సు వల్ల కూడా కొంత మేలుంది. మొదలుపెట్టిన 24 గంటల నుంచి ఏడు రోజుల లోపు బిడ్డ పుడితే ఎక్కువ ఫలితం.

మీకు షుగర్ ఉంటే ముందే చెప్పండి, కొన్ని రోజులు అది బాగా పెరగొచ్చు, ఇన్సులిన్ మార్చాల్సి రావచ్చు. బిడ్డ కదలికలు ఒకటి రెండు రోజులు కొంచెం తగ్గడం ఉంటుంది, అయినా మందు వల్లే అని మీకు మీరే తేల్చుకోకుండా డాక్టర్‌కు చెప్పాల్సిందే. స్టెరాయిడ్ అనే మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్ సహజం. ఇది కొద్ది డోసులే, నెలల తరబడి వాడేది కాదని వాళ్లకు చెప్పండి.

కాన్పు ఆగిపోయి వారం దాటాక మళ్లీ ప్రమాదం కనిపిస్తే, ఇంకొక్క కోర్సు ఇవ్వాలా అని డాక్టర్ ఆలోచిస్తారు. పదేపదే ఇస్తే బిడ్డ బరువు తగ్గే ప్రమాదముంది, కాబట్టి వారం వారం అడిగి వేయించుకునే మందు కాదిది.

ప్రతి డోసు ఏ తేదీన, ఎన్ని గంటలకు పడిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. వేరే ఆసుపత్రికి పంపినా, బిడ్డ పుట్టాక పిల్లల డాక్టర్ అడిగినా అదే చూపించండి.